దీపం మీద కాగితపు ముసుగు

మార్కాపురంలో పలకల దుకాణం పైనున్న మేడగదికి మెట్లెక్కి వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఏభై ఏళ్ళుంటాయి. ఉతికిన పంచె, ముడతలు పడ్డ చొక్కా, చేతిలో నల్ల గొడుగు. ‘మాల్యాద్రి, ప్రైవేటు డిటెక్టివ్’ అన్న బోర్డును రెండుసార్లు చదువుకున్నాడు. వెనక్కి తిరిగి ఒక మెట్టు దిగాడు. మళ్ళీ ఎక్కాడు.

“లోపలికి రండి, పంతులుగారూ,” అన్నాడు మాల్యాద్రి.

వచ్చిన మనిషి ఉలిక్కిపడ్డాడు. పక్కనే టైపు మిషను ముందు కూర్చున్న వరప్రసాదానికి మాత్రం ఆశ్చర్యం కలగలేదు. అతను కూడా అప్పుడే గమనించాడు, ఆ చొక్కా కుడిచేతి మడతలో సుద్దపొడి ఉంది. కాకపోతే మాల్యాద్రి చూసిన తర్వాతే తను చూస్తాడు. మూడేళ్ళుగా అంతే. మద్రాసు పోలీసుల దగ్గర చేతిరాతలు పరీక్షించే విభాగంలో పదకొండేళ్ళు పనిచేసి, ఆంధ్ర విడిపోయినప్పుడు సొంత తాలూకాకు వచ్చేసిన మాల్యాద్రి దగ్గర సహాయకుడిగా ఉండటం తన అదృష్టమని వరప్రసాదం నమ్మకం.

అది 1958 ఏప్రిల్ నెల, శుక్రవారం. వచ్చినాయన పేరు శాంతయ్య. పుల్లలచెరువు బడిలో పంతులు. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నప్పుడు ఆయన కింది పెదవి లోపలి అంచు ఊదారంగుగా కనిపించింది. దారిలో నేరేడు పళ్ళు తిన్నట్టున్నాడని తర్వాత మాల్యాద్రితో అన్నాడు వరప్రసాదం.

శాంతయ్య చెప్పిన సంగతి ఇది. రెండేళ్ళుగా వానల్లేక నల్లమల అంచు పల్లెలు ఎండిపోయాయి. మార్కాపురంలో ఏర్పడిన ఒక సహాయ సంఘం, పిల్లలున్న ఇళ్ళకు వారం వారం పాలపొడి పంచుతోంది. ఇంటికొక కార్డు. కార్డు చూపిస్తేనే పాలపొడి. ఆ కార్డులు తయారుచేసేది ఇదే ఊళ్ళోని స్త్రీల చేతిపనుల కేంద్రం. అక్కడి ఆడవాళ్ళు క్రిస్మసుకు రబ్బరు స్టాంపులతో గ్రీటింగు కార్డులు చేస్తారు. శాంతయ్య కూతురు ఎలీషబా నాలుగేళ్ళుగా అక్కడే పని చేస్తోంది. పోయిన వారం బుధవారం పుల్లలచెరువులో పంచుతుండగా, వరుసలో ఇంకా జనం ఉండగానే, అంతదాకా మిగులుతో నెట్టుకొచ్చిన పాలపొడి డబ్బా అయిపోయింది. లెక్క చూస్తే సంఘం ఇవ్వని కార్డులు ఇరవైమూడు తేలాయి. సంఘం కార్యదర్శి ఎజ్రా నేరుగా వచ్చి ఎలీషబాను నిలదీశాడు. అలాంటి కార్డు చేయగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమె ఔననలేదు, కాదనలేదు. పనిలోంచి తీసేశారు. సోమవారం పోలీసులకు కాగితం రాసిస్తారట.

“నా బిడ్డ అట్లాటి పని చేసేది కాదు సార్,” అన్నాడు శాంతయ్య. “ఆ మాట మీరు నలుగురిలో చెప్పాల.”

అమ్మాయి ఏమంటోందని మాల్యాద్రి అడిగాడు. ఏమీ అనడం లేదనీ, తన ముఖం కూడా చూడటం లేదనీ ఆయన చెప్పాడు. మరి ఎవరు చేసి ఉంటారని అడిగితే గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

“ఎవురైతే ఏంది సార్. ఆ పిల్ల కాదని తేలితే సాలు.”

“ఆమె కాదని తేలాలంటే ఎవరో తేలాలి కదా. అందుకు మీరు సిద్ధమేనా?”

కింద దుకాణంలో పలకలకు చెక్క చట్రాలు బిగిస్తున్న చప్పుడు కాసేపు వినిపించింది. శాంతయ్య తల వంచుకునే ఊపాడు.

ఆ మధ్యాహ్నమే మాల్యాద్రి, వరప్రసాదం చేతిపనుల కేంద్రానికి వెళ్ళారు. పొడవాటి పెంకుటిల్లు. బల్లల మీద ఇంకు ప్యాడ్లు, కత్తెరలు, ఆరబెట్టిన కార్డులు. కేంద్రం పెద్ద పిచ్చమ్మ, కార్యదర్శి ఎజ్రా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఎజ్రా నలభై ఏళ్ళ మనిషి. మాటలో తొందర ఎక్కువ. మంచి కార్డు ఒకటి, దొంగ కార్డుల కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు.

మంచి కార్డు మీద ప్రమిదలో వెలుగుతున్న దీపం ఉంది. దాని వెనక, సగం దాగి, ఎనిమిది కొనల నక్షత్రం.

“రెండు స్టాంపులు ఒకదాని మీద ఒకటి కొడితే గీతలు కలిసిపోవాలి గదా,” అన్నాడు వరప్రసాదం. “నక్షత్రం వెనక ఉన్నట్టు ఎలా వచ్చింది?”

పని పోయినా ఊళ్ళోనే ఉన్న ఎలీషబాను పిచ్చమ్మ కబురంపి పిలిపించింది. ఇరవైరెండేళ్ళ అమ్మాయి, పలచగా ఉంది. వచ్చి ఎవరి వైపూ చూడకుండా కూర్చుని పని మొదలుపెట్టింది. ముందు కార్డు మీద దీపం స్టాంపు కొట్టింది. అదే స్టాంపును పలచని కాగితం మీద కొట్టి, ఆ దీపాన్ని గీత లోపలి అంచు వెంట కత్తిరించింది. ఆ కాగితపు దీపాన్ని కార్డు మీది దీపానికి ముసుగులా కప్పి, గోటితో ఒక చివర నొక్కి పట్టుకుని, పైన నక్షత్రం స్టాంపు కొట్టింది. నక్షత్రంలో కొంత కార్డు మీద పడింది, కొంత ముసుగు మీద పడింది. ముసుగు తీసేసరికి దీపం ముందుకొచ్చింది, నక్షత్రం వెనక్కి పోయింది. ఎక్కడా ఖాళీ లేదు.

మాల్యాద్రి దొంగ కార్డును భూతద్దం కింద పెట్టాడు. దీపం చుట్టూ వెంట్రుకంత తెల్లగీత ఉంది. ముసుగును గీత బయటి నుంచి కత్తిరించారు. పైగా నక్షత్రం పైకొన మొద్దుగా ఉంది.

“తన పనని తెలియకూడదని కావాలనే అట్ల కత్తిరించి ఉంటది,” అన్నాడు ఎజ్రా.

“ఉండొచ్చు,” అని ఒప్పుకున్నాడు మాల్యాద్రి. ఎలీషబా ముందున్న దొంగ కార్డును ఆమె మెల్లగా బోర్లా తిప్పిపెట్టడం అతను చూశాడు. ఆ కార్డులు నీవేనా అని నేరుగా అడిగాడు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. పక్క బల్ల దగ్గర ఆడవాళ్ళు కత్తెరలు ఆపి చూస్తున్నారు. ఆ చూపులు తన వీపుకు తగులుతున్నట్టు ఆమె భుజాలు ముడుచుకుంది.

స్టాంపులు ఎక్కడ ఉంటాయంటే బీరువాలో, తాళం తన మొలలో అని పిచ్చమ్మ చెప్పింది. పల్లెల్లో ఇళ్ళ లెక్క ఎవరు తీశారంటే ఆయా ఊళ్ళ పంతుళ్ళేనని ఎజ్రా అన్నాడు. వాళ్ళు పంపిన జాబితాలను సంఘంలో సిరాతో శుభ్రంగా తిరగరాసి, ఆ ప్రకారం కార్డులు ఇచ్చారట. దొంగ కార్డుల కట్టను ఆదివారం దాకా తన దగ్గర ఉంచుకోవడానికి మాల్యాద్రి అనుమతి తీసుకున్నాడు.

బజారులో రబ్బరు స్టాంపులు చేసే ఓబులయ్య ఆ మొద్దుకొన సంగతి తేల్చేశాడు. కార్డును చూడగానే నవ్వాడు.

“ఇది నేను చేసిన మొదటి జత సామీ. అచ్చులోంచి తీసేటప్పుడు చుక్క కొన తెగింది. పిచ్చమ్మక్క బాగలేదని అంటే రెండో జత చేసిచ్చినా. మొదటిది ఊరికినే పెట్టుకోమన్నా.”

మళ్ళీ పిచ్చమ్మను అడిగితే, ఆ పాత జతను పారెయ్యమని ఎలీషబా చేతికే ఇచ్చానని చెప్పింది. చెప్పాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తన మాటతో ఆ అమ్మాయి మెడకు ఉరి బిగిసిందని ఆమెకు తెలిసింది.

బయటికి వచ్చాక వరప్రసాదం నీరసంగా నడిచాడు. అన్ని దారులూ ఆ అమ్మాయి దగ్గరికే పోతున్నాయన్నాడు.

“ఆమె దగ్గరికి పోతున్నాయి. అక్కడ ఆగుతున్నాయని ఎవరన్నారు?” అన్నాడు మాల్యాద్రి. “రేపు పొద్దున బస్సుకు పోదాం. కార్డు చేసినవాళ్ళనే చూస్తున్నాం మనం. తీసుకున్నవాళ్ళనూ చూడాలి.”

త్రిపురాంతకం మీదుగా పోయే బస్సు పుల్లలచెరువు చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడ అడిగితే దొంగ కార్డులన్నీ ఒకే పల్లెవని తేలింది. పేరు పెద్దచెలమ. అక్కడినుంచి అడవి వైపు ఆరు మైళ్ళు, రాళ్ళ బాట. వరప్రసాదం రెండుసార్లు నీడలో కూలబడ్డాడు. మధ్యలో ఎండిపోయిన వాగు దాటాలి. పల్లెలో మేకలు తప్ప ఎదురొచ్చినవాళ్ళు లేరు. పిల్లలున్న ఇళ్ళను మాల్యాద్రి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయాడు. నలభైమూడు.

దొంగ కార్డుతో మొదట పట్టుబడినావిడ పల్లె మొదటి గుడిసెలోనే ఉంది. చంకలో ఏడాది బిడ్డ. ఆ రోజు ఎజ్రా ఆమెను వరుసలోంచి లాగి, అందరికీ కనబడేలా బడి ముందు ఎండలో నిలబెట్టాడు. ఆ సంగతి ఎత్తగానే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

“నేను దొంగదాన్ని గాదయ్యా. కార్డు ఇచ్చినారు, పోయినా.”

“ఎవరిచ్చారమ్మా?”

“చెప్పను. నా బిడ్డకు మూడు వారాలు పాలు పోసినాయన. ఆయన పేరు చెప్పి ఆయన్ను గూడ ఎండలో నిలబెట్టనా?”

మాల్యాద్రి ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. పోయిన చలికాలంలో ఇళ్ళు లెక్కపెట్టడానికి ఎవరైనా వచ్చారా అని మాత్రం అడిగాడు. ఎవరూ రాలేదని ఆమె చెప్పింది. పక్క గుడిసెలో నాగులు అనే గొర్రెల కాపరి కూడా అదే చెప్పాడు. అతని దగ్గర సంఘం ఇచ్చిన మంచి కార్డు ఉంది. తన పేరు జాబితాలోకి ఎట్లా ఎక్కిందో అతనికి తెలియదు. సంతకు పోయినప్పుడల్లా బడి అరుగు మీద కూర్చుని పంతులుతో మాట్లాడి వస్తుంటానని మాత్రం అన్నాడు.

మార్కాపురం తిరిగొచ్చాక మాల్యాద్రి ఇరవైమూడు కార్డులనూ కిటికీ వెలుతురులో వరసగా పేర్చాడు. ఒక్కొక్క దీపాన్నీ భూతద్దంతో చూశాడు. తొమ్మిదో కార్డు దగ్గర ఆగాడు. వరప్రసాదాన్ని గడ్డం గీసుకునే అద్దం తెమ్మన్నాడు. అద్దంలో చూసి, చూసింది చాలన్నట్టు దాన్ని బోర్లించి పెట్టాడు. ఎప్పుడూ అలాంటప్పుడు అతని కళ్ళు మెరుస్తాయి. ఆ రోజు మెరవలేదు. ఏం కనిపించిందో వరప్రసాదం అడగబోయి మానుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయిపోయాక అందరూ చేతిపనుల కేంద్రంలో కూర్చున్నారు. ఎజ్రా, పిచ్చమ్మ, ఓబులయ్య, కేంద్రంలోని ఆడవాళ్ళు పదిమంది. తండ్రీకూతుళ్ళు గది రెండు చివర్లలో కూర్చున్నారు. మాల్యాద్రి నిలబడి మాట్లాడాడు.

“ఈ కార్డులు చేసిన మనిషి దగ్గర ఓబులయ్య చేసిన మొదటి జత ఉంది. అది ఎలీషబా చేతికి వెళ్ళింది. కానీ ఈ కార్డులు చేసింది ఆమె కాదు. నాలుగేళ్ళు ముసుగులు కత్తిరించిన చెయ్యి కావాలని చెడగొట్టినా, పనిలో అలవాటు పోదు. ఆమె ముసుగును గోటితో నొక్కి పట్టుకుంటుంది, నా ఎదుటే చేసింది. ఈ మనిషికి అలా పట్టుకోవడం రాలేదు. ముసుగు జారకుండా తడి వేలితో అద్ది అంటించాడు.”

అతను తొమ్మిదో కార్డును పైకెత్తాడు.

“తడి చేయడం వల్ల ఒక సంగతి బయటపడింది. ఆ ముసుగును కత్తిరించిన కాగితం వెనక రాత ఉంది. కాపీయింగ్ పెన్సిల్ రాత. తడి తగిలితే ఊదారంగు సిరాగా మారుతుంది. అది దీపం మధ్యలో తిరగబడి అంటుకుంది. అద్దంలో చూస్తే ‘నాగులు, ఐదుగురు’ అని ఉంది. మిగతా కార్డుల్లో మరక తప్ప అక్షరం లేదు.”

కార్డు, అద్దం చేతులు మారాయి. ఎజ్రా వాటిని ఎక్కువసేపు చూశాడు.

“పెద్దచెలమ జాబితా,” అన్నాడు చివరికి. “మాకు వచ్చిందీ, మేము తిరగరాసిందీ సిరాతోనే. పెన్సిల్ది మా దగ్గర లేదే.”

“ఉండదు. అది చిత్తుప్రతి. రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ జాబితాలో ఇరవై ఇళ్ళే ఉన్నాయి. పల్లెలో ఉన్నవి నలభైమూడు. తేడా ఇరవైమూడు. దొంగ కార్డులూ ఇరవైమూడే. ఆ పల్లెకు లెక్క తీయడానికి ఎవరూ పోలేదు. పోకుండానే, సంతకు వచ్చేవాళ్ళను తలుచుకుని పేర్లు రాశారు. కాపీయింగ్ పెన్సిల్‌ను నాలుకకు తడుపుకుని రాసే అలవాటున్నవాళ్ళకు పెదవి లోపల ఊదా మరక పడుతుంది. శుక్రవారం దాన్ని చూసి మా వరప్రసాదం నేరేడు పండనుకున్నాడు. చైత్రమాసంలో నేరేడు పళ్ళు ఉండవు.”

వరప్రసాదం చెవులు వేడెక్కాయి. గదిలో తలలు ఒక్కొక్కటే శాంతయ్య వైపు తిరిగాయి.

అప్పుడు ఎలీషబా లేచింది. “నేనే చేసినా,” అంది. “నన్నే పట్టించండి.”

“కూచో తల్లీ,” అన్నాడు శాంతయ్య. లేవడానికి గొడుగు ఆసరా చేసుకున్నాడు.

పాత స్టాంపుల జత ఆదివారం బడి పిల్లలకు బొమ్మల కార్డులు చేసిపెట్టమని కూతురే ఇచ్చిందని చెప్పాడు. ముసుగు కత్తిరించడం కూడా ఆమే నేర్పింది. డిసెంబరులో పెద్దచెలమ లెక్క తీసుకురమ్మని సంఘం రాసింది. ఆయన వాగు దాకా పోయాడు. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. ఇంకా నాలుగు మైళ్ళుంది. వెనక్కి వచ్చి బడి అరుగు మీద కూర్చుని గుర్తొచ్చిన పేర్లు రాశాడు. కార్డులు వచ్చాక, అందని ఇళ్ళవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఆయన గుమ్మం ముందుకు వచ్చారు. సంఘమే మరిచిపోయిందని వాళ్ళకు చెప్పాడు.

“‘నేను పోలేదు’ అని ఒక్క మాట రాసి పంపితే అయిపోయేది. ఇంకో ఇరవైమూడు కార్డులు ఇచ్చేవాళ్ళే. ఆ మాట రాయనీకి నాకు సిగ్గయినాది. ఇరవై ఏండ్లుగా పంతుల్ని. పిల్లకాయలకు అబద్ధం చెప్పొద్దని చెప్పేవాణ్ణి. అందుకని దొంగ కార్డులు చేసినా. నా బిడ్డను పట్టుకున్నారని తెలిసినాక గూడ నోరు రాలేదు. ఈయన కనిపెడితే, నేను నా నోటితో చెప్పే పని తప్పుతాదని ఈయన దగ్గరికి పోయినా.”

ఎలీషబా గది దాటి తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది.

“కార్డు చూసిన దినమే నాకు తెలుసు నాయనా. తడి వేలు అద్దొద్దని నేనే నీకు ఎన్నిసార్లు చెప్పినా. నువ్వు కార్డులు చేసినందుకు నాకు సిగ్గు గాలేదు. ఈళ్ళందరి ముందర నన్ను దొంగను చేస్తే పదకొండు దినాలు ఊరుకున్నావే, అందుకయినాది.”

ఆమె బయటికి వెళ్ళిపోయింది. పిచ్చమ్మ ఆమె వెనకే పరుగెత్తింది.

ఎజ్రా జేబులోంచి పోలీసులకు రాసిన కాగితం తీశాడు. మడతలు విప్పి, మళ్ళీ మడిచి, ఇది తను తొందరపడి రాసిందేనని మెల్లగా ఒప్పుకున్నాడు. జాబితా తిరగరాసేటప్పుడు ఆ పల్లెకు ఎవరైనా పోయి చూశారా అని తను కూడా అడగలేదన్నాడు. ఆ మాటతో కాగితాన్ని రెండుగా చింపేశాడు. ఎండలో నిలబెట్టిన మనిషి గుర్తొచ్చి ఉంటుంది.

తిరిగి వస్తూ వరప్రసాదం, కేసు ఎంత చక్కగా తేలిందోనని మొదలుపెట్టాడు. మాల్యాద్రి ఆపాడు.

“ఆయన్ను ఒంటరిగా పిలిచి అడిగి ఉంటే చెప్పేవాడేమో. కానీ ఆ పిల్ల పరువు పదిమందిలో పోయింది, పదిమందిలోనే తిరిగి రావాలి. అందుకే అందరినీ కూర్చోబెట్టాను. చేసింది తప్పనుకోను. అయినా ఆయన లేచి నిలబడ్డప్పుడు, ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు చూశాను.”



మంగళవారం పెద్దచెలమకు నలుగురు నడిచారు. మాల్యాద్రి, ఎజ్రా, శాంతయ్య, ఎలీషబా. ఎలీషబాను పనిలోకి తిరిగి తీసుకున్నారు, కొత్త కార్డులు ఆమె చేయాలి. ఇళ్ళ లెక్క శాంతయ్యే రాయాలని సంఘం చెప్పింది. ఆ తర్వాత ఆయన్ను ఆ పని నుంచి తప్పిస్తారు. పంతులు ఉద్యోగం సంగతి పై అధికారులు తేలుస్తారు. దారి పొడవునా ఎలీషబా పది అడుగులు ముందు నడిచింది. వెనక్కి చూడలేదు. వాగు దగ్గర శాంతయ్య ఆగి మోకాళ్ళు పట్టుకున్నప్పుడు ఆమె కూడా ఆగింది. కానీ తిరగలేదు.

మొదటి గుడిసె ముందు ఎజ్రా చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎండలో నిలబెట్టినందుకు తనను మన్నించమని ఆ ఇంటావిడను అడిగాడు. ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, సరేలే అన్నట్టు తల ఊపింది. అతన్ని కూర్చోమని మాత్రం అనలేదు.

శాంతయ్య పుస్తకం తెరిచాడు. తల ఎత్తడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

“నీ పేరు చెప్పమ్మా.”

“ఏంది పంతులూ, నీకు తెలవదా? నువ్వే గదా కార్డు ఇచ్చింది.”

“కార్డు ఇచ్చినా. పేరు అడగలేదు.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. “పోలమ్మ,” అంది.

ఆయన రాశాడు. పుస్తకానికి ఆసరా లేక అక్షరాలు వంకరపోయాయి. తర్వాత ఏం అడగాలో తోచనట్టు ఆ పేరు వైపే చూస్తూ నిలబడిపోయాడు. ఎలీషబా దగ్గరికి వచ్చింది. పుస్తకం కింద చెయ్యి పెట్టి కదలకుండా పట్టుకుంది.

“ఇంట్లో ఎంతమందో అడుగు, నాయనా,” అంది.